కూతల డబ్బా, నాలుగు డప్పులు

“గాలి ఎంతున్నదో చెప్తదని నమ్మిచ్చి అబద్ధాల డబ్బా అంటగట్టినవు గదయ్యా సేటూ! నువ్వు, నీకు సరుకు దించినోడు, వానికి పంపిన కంపెనోడు, ముగ్గురు కలిసి నలుగురు ఆడోళ్ళ చేతులు కట్టేసిన్రు. జానకమ్మ వాకిట్ల మా డప్పు మోగకుంట చేసింది మీరే. చాటుగ కాదు, పేరు పెట్టే చెప్తున్న. నగేష్ సేటూ, నువ్వే!”

సూర్యాపేట బజారులో, ఎండ నెత్తికెక్కుతున్న వేళ, బండి సామాన్ల షాపు మెట్ల కింద నిలబడి భాగ్య వేసిన కేక ఇది. చంకలో డప్పు, చేతిలో దాన్ని కొట్టే సిర్ర. ఆమె వెనక అత్త బుచ్చమ్మ, పక్కన వసంత, మంగమ్మ. వాళ్ళ చంకల్లోనూ డప్పులే. కాస్త ఎడంగా బండికి స్టాండు వేసి, తప్పు చేసినవాడిలా టైరు వంక చూస్తున్నవాడు భాగ్య మొగుడు సాంసన్.

ఎదురు చాయ్ హోటల్లో గ్లాసులు నోటి దగ్గర ఆగిపోయాయి. షాపులో నగేష్ దేవుడి పటానికి తిప్పుతున్న అగరుబత్తి తిరగడం మానేసింది.

ఈ కేక ఊరికే పుట్టలేదు. నిన్న మిర్యాలగూడలో పుట్టి, రాత్రంతా గొంతులో కాగి, ఇవాళ ఇక్కడ పేలింది. అది అర్థం కావాలంటే ముందు ఆ డబ్బా సంగతి తెలియాలి.

అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా అది. బండి హ్యాండిల్ మీద బిగిస్తారు. దానితోపాటు రెండు టోపీలు వస్తాయి. టైరుకు గాలి పట్టే మూతి మీద మామూలు టోపీ తీసేసి, వీటిని తిప్పి బిగించాలి. టోపీలో సెన్సర్ ఉంటుందట. టైరులో గాలి సరిపడా ఉంటే డబ్బా పచ్చలైటు వేస్తుంది. తగ్గితే ఎర్రలైటు వేసి ‘కుయ్ కుయ్’మని కూస్తుంది. అట్టపెట్టె మీద కొండల్లో దూసుకుపోతున్న బండి బొమ్మ, మెరిసే కాగితం. దూరం నుంచి వచ్చిన సరుకు మీద మెరుపు కాగితముంటే చాలు, దాన్ని పరీక్ష చేసి అమ్మాలని ఎవడికీ పట్టదు. ఆ పరీక్ష కొన్నవాడి ఒంటి మీద జరుగుతుంది.

సాంసన్ దాన్ని సరదాకి కొనలేదు. పోయిన వానాకాలం, అంటే రెండువేల పన్నెండులో, సాగర్ కాలువ కట్ట మీద వస్తుంటే ముందు టైరు గాలి దిగిపోయి బండి జారింది. కాలువలో పడాల్సినవాడు అదృష్టం కొద్దీ తుమ్మకంపలో పడ్డాడు. ముళ్ళు తీసింది తల్లి బుచ్చమ్మ. ఒక్కో ముల్లుకూ ఒక్కో తిట్టు తిట్టింది. ఆ రోజు నుంచి కొడుకు బండి తీస్తే ఆమె గుండె దడదడలాడేది. తల్లి దడ తగ్గించడానికి సాంసన్ హమాలీ పనికి సూర్యాపేట వచ్చినప్పుడు నగేష్ షాపులో ఈ డబ్బా కొని, ఇంటికి తెచ్చి బిగించుకున్నాడు.

బుచ్చమ్మ ఆ డబ్బాను చుట్టూ తిరిగి చూసింది. కొడుకునూ కోడలినీ పిలిచి తన నెత్తి మీద చేతులు పెట్టించుకుంది.

“అది కూస్తె దిగాలె. గాలి పట్టిచ్చినంకనె మళ్ళ ఎక్కాలె. ఒట్టెయ్యిండ్రి.”

“అమ్మా, గది మిషినే...”

“మిషినో మన్నో. ఒట్టు తప్పిన్రో, నేను సచ్చినట్టే లెక్క.”

వేశారు. ఊళ్ళో, పొలాల మధ్య ఆ కాస్త తిరుగుళ్ళకు డబ్బా బుద్ధిగా పచ్చగా ఉండేది. బుచ్చమ్మ రోజూ దాన్ని కొంగుతో తుడిచేది. దాని అసలు గుణం ఎండలో పెద్ద రోడ్డెక్కినప్పుడు గానీ బయటపడలేదు.

ఇక డప్పు సంగతి. గరిడేపల్లి పక్కన వాళ్ళ ఊళ్ళో చాటింపు అంటే భాగ్య మామ అబ్రహాందే. కాలువ నీళ్ళు వదులుతున్నా, రేషన్ వచ్చినా, ఎవరి గేదె తప్పిపోయినా ఆయన డప్పు చెప్తేనే ఊరికి తెలిసేది. కొడుకు సాంసన్‌కు నేర్పబోయాడు. సాంసన్ చేతులు మూటలు మోయడానికే పుట్టాయి, తాళం వాటి దగ్గరికి రాలేదు. ఒకరోజు కోడలు చాటలో బియ్యం చెరుగుతూ చాట అంచు మీద వేళ్ళతో కొడుతున్న దరువు విని ముసలాయన అన్నం ముద్ద పట్టుకునే వాకిట్లోంచి లేచొచ్చాడు. “నా డప్పు గీ పిల్లది” అన్నాడు. ఆయన పోయాక భాగ్య ఆ డప్పును మేకుకు తగిలించి దండం పెట్టుకోలేదు. దించి కొట్టింది. అత్తను కూడా నిలబెట్టింది. వాడలోంచి వసంతను, మంగమ్మను లాగింది. నలుగురు ఆడవాళ్ళ డప్పు.

నవ్వినవాళ్ళు నవ్వారు. “ఆడోళ్ళు డప్పు కొడితె ఇంటికాడ కారం ఎవరు కొడ్తరు?” అన్నవాడు కూడా ఉన్నాడు. ఏడాది పాటు చర్చి పండుగలో, వాడ పిల్లల పుట్టినరోజుల్లో కొట్టడమే తప్ప బయటి ఊరివాళ్ళెవరూ బయానా ఇచ్చి పిలవలేదు.

మొదట పిలిచింది జానకమ్మ. మిర్యాలగూడ రైస్ మిల్లులో పని చేసుకుంటూ బిడ్డను చదివించుకున్న మనిషి. చుట్టమింటికి వచ్చి చర్చి పండుగలో భాగ్య దరువు విన్నది. వెంటనే చేతిలో బయానా పెట్టింది.

“నా బిడ్డ పెండ్లి ఎదురుకోళ్ళకు మీరే రావాలె. మా మరుదులు మొగోళ్ళ డప్పు మాట్లాడుదాం అంటున్నరు. నేను ఇననంటె ఇనను. నా బిడ్డను నేనొక్కదాన్నే పెంచిన, దాని పెండ్లికి ఆడోళ్ళే కొట్టాలె.”

ఆ ఒక్క మాటకు భాగ్యకు నెల రోజులు నేల మీద కాళ్ళు ఆనలేదు. నాట్ల దగ్గర బురదలో దరువు, అంట్ల దగ్గర గిన్నెల మీద దరువు. మిర్యాలగూడలో ఒక్కసారి మోగితే చాలు, ఇక ఎవడూ నవ్వడు. మోగకపోతే ఆడవాళ్ళ డప్పు వాడలోనే పుట్టి వాడలోనే పోతుంది. అంతే లెక్క.

పెళ్ళి రోజు బుచ్చమ్మ, వసంత, మంగమ్మ పల్లెవెలుగు బస్సులో ముందు వెళ్ళారు. డప్పులు మాత్రం బస్సులో వెయ్యలేదు. ఇదివరకోసారి బస్సులో వేస్తే ఎవరో భారీ మనిషి కుర్చీ అనుకుని కూర్చున్నాడు, తోలు పగిలింది. అందుకని నాలుగు డప్పులూ మెత్తని బొంతలో చుట్టి భాగ్య ఒళ్ళో పెట్టుకుని బండి మీద బయల్దేరింది. సాంసన్ కొత్త చొక్కా వేసుకున్నాడు.

“తాళం రాదు గని డప్పులోళ్ళకు డ్రైవర్‌నైన” అన్నాడు సంబరంగా.

“డ్రైవరూ, ముంగట చూసి తోలు” అంది భాగ్య, ఇంకా సంబరంగా.

ఊరు దాటి ఎంతో దూరం పోలేదు. డబ్బా కూసింది.

కుయ్ కుయ్, కుయ్.

దిగారు. సాంసన్ టైరు నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. కానీ ఒట్టు ఒట్టే. బండి నెట్టుకుంటూ పంక్చర్ షాపు దాకా పోయి గాలి పట్టించారు. ఎక్కారు. మళ్ళీ కూసింది. దిగారు. మళ్ళీ గాలి. నేరేడుచర్ల దగ్గర పంక్చర్ షాపు బాల్యా తన దగ్గరున్న మీటరు పెట్టి చూసి, తల ఎత్తి సాంసన్‌ను అనుమానంగా చూశాడు.

“అన్నా, గాలి బొచ్చెడున్నది. ఇంక కొడితె టైరు గాదు, బాంబయితది.”

“డబ్బా కూస్తున్నది గదన్నా.”

“డబ్బాకే పంక్చర్ అయిందేమో చూడు.”

“మా అమ్మకు ఒట్టేసినమన్నా. గాలి పట్టియ్యంది ఎక్కరాదు.”

బాల్యా ఆలోచించాడు. టైరులోంచి ఫుస్సుమని కొంత గాలి వదిలాడు. వదిలినంత మళ్ళీ కొట్టాడు. “ఇగ ఒట్టు తీరింది, నడువుండ్రి” అన్నాడు. భాగ్య పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఫోన్ మోగింది. వసంత.

“అక్కా, యాడున్నరు? పిలగానోళ్ళ బస్సు దగ్గరికొచ్చిందట!”

“నేరేడుచర్ల దాటుతున్నం.”

“ఇంక నేరేడుచర్లనా! జానకమ్మ మాటిమాటికి మా దిక్కే చూస్తున్నదక్కా. ఉత్త చేతులతోని నిలబడ్డం.”

భాగ్య నవ్వు ఆగిపోయింది. “తోలు” అంది.

మూసీ వంతెన దాటారో లేదో డబ్బా గొంతు చించుకుంది. ఈసారి ఊపిరి తీసుకోకుండా ఒకటే కూత. చుట్టూ పంక్చర్ షాపు లేదు, ఇల్లు లేదు. కోసిన వరి మళ్ళు, ట్రాక్టర్ల మీంచి రాలిన గడ్డి. సాంసన్ ఒట్టు తప్పలేక బండి నెట్టడం మొదలుపెట్టాడు. కొత్త చొక్కా వీపుకు అతుక్కుపోయింది. భాగ్య డప్పుల మూట నెత్తిన పెట్టుకుని వెనక నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఆగింది.

“ఏమయ్యా. ఆ డబ్బా ఏమంటున్నది? టైరు లూజయిందంటున్నది. అంతేనా?”

“అంతే.”

“డప్పు లూజయితె మనమేం చేస్తం?”

సాంసన్‌కు ప్రశ్న అర్థమైంది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. “వద్దే భాగ్యా.”

“కాపుతం. మంట కాడ పెడితె తోలు బిగుస్తది. టైరు గుడ బిగుస్తది.”

“అది గొడ్డు తోలు గాదే, రబ్బరు!”

“ఏదైతేంది, బిగువు బిగువే. ఎట్లయినా పోంగనే వాయించాలె, డప్పులు గుడ ఈడనే కాపుదాం. రెండు పనులైతయి.”

డప్పు మనిషికి తప్ప ఇంకెవరికీ రాదు ఇలాంటి ఆలోచన. చేయకూడని పని. బండికి దగ్గర్లో మంట పెట్టడం తెలివైన వాళ్ళు చేసే పని కాదు. కానీ కూత వింటూ, ఫోన్ వింటూ, దూరంగా మోగాల్సిన ఎదురుకోళ్ళను తలుచుకుంటూ ఉంటే తెలివి ఏ మూలకు పోతుంది? రోడ్డు పక్క గడ్డి పోగేసి చిన్న మంట వేసింది. డప్పుల్ని ఒక్కొక్కటే తిప్పి తిప్పి కాపింది. గోటితో మీటింది. కంగుమన్నాయి. తర్వాత గుప్పెడు గడ్డి అంటించి, ముందు టైరుకు కాస్త ఎడంగా పట్టి, డప్పును కాపినట్టే ఓపికగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పింది. సాంసన్ పెట్రోలు ట్యాంకు మీద రెండు చేతులూ కప్పి ‘ప్రభువా, ప్రభువా’ అంటున్నాడు.

డబ్బా టక్కున ఆగింది. పచ్చలైటు వెలిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భాగ్య రోడ్డు మీదే ఒక చుట్టు చిందేసింది. “చూసినవా! మా మామ బతికుంటె నాకు దండేస్తుండె!” సాంసన్‌కు కూడా నవ్వాగలేదు. ఎక్కారు. బండి గాలిలో పోయినట్టు పోయింది.

కాస్త దూరం పోగానే కాలిన వాసన. బండి ఆపి వంగి చూస్తే ముందు టైరు మూతి మీది టోపీ కరిగి, నమిలి ఉమ్మేసిన వక్కపలుకులా అతుక్కుని ఉంది. ఆ క్షణమే డబ్బా మళ్ళీ మొదలుపెట్టింది. ఇదివరకు కూత, ఇప్పుడు ఏడుపు.

సాంసన్ మళ్ళీ బండి నెట్టబోయాడు. భాగ్య వెనకనుంచి చెయ్యి చాపి హ్యాండిల్ మీది డబ్బాను ఒక్క గుంజు గుంజి పీకింది, బొంతలో డప్పుల మధ్య కుక్కింది.

“అమ్మ ఒట్టు...” అన్నాడు సాంసన్.

“ఒట్టు నా మీద పడనీ. తోలు!”

తోలాడు. టైరుకు ఏమీ కాలేదు. ఏమీ కాదు కూడా, దానికి పొద్దుటి నుంచీ ఏ జబ్బూ లేదు. జబ్బంతా డబ్బాది.

కానీ అప్పటికే ఆలస్యమైంది. ఫంక్షన్ హాలు ముందు పిలగాడివాళ్ళు బ్యాండుతో వచ్చి, బ్యాండుతోనే లోపలికి పోయారు. పిల్లవైపు నుంచి ఒక్క దరువు లేదు. “ఏం వదినా, మూగ పెండ్లా?” అని వియ్యపురాలు అడిగిందట. మరిది జానకమ్మ వినేలా అన్నాడట: “ఆడోళ్ళ డప్పంటివి. చీరలు కట్టుకునేటాళ్ళకే పొద్దుపోయి ఉంటది.”

భాగ్య డప్పుల మూటతో పరుగెత్తుకుని వచ్చేసరికి జానకమ్మ గుమ్మంలో ఉంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. “అన్నం తిని పోండ్రి” అని లోపలికి పోయింది. బొంతలోంచి డబ్బా సన్నగా ఏడుస్తూనే ఉంది.

ఇదీ నిన్నటి సంగతి. బుచ్చమ్మ ఒట్టు సంగతి పక్కన పెట్టేసింది. పొద్దున్నే లేచి డప్పు తీసుకుని వాకిట్లో నిలబడింది. “నడు” అంది. “చాటింపు ఎట్లేస్తరో మీ మామ నీకు నేర్పిండు గద. ఇగ ఎయ్యి.”

అలా వచ్చి నిలబడ్డారు సూర్యాపేటలో.

నగేష్ అగరుబత్తి గుచ్చి బయటికొచ్చాడు. కోదాడ మనిషి. మెత్తగా మాట్లాడతాడు, చిక్కడు.

“ఏందమ్మా అట్టా అరుస్తావు? లోపలికి రా, మాట్లాడుకుందాం.”

“లోపలికెందుకు, ఈడనే మాట్లాడు. నలుగురు ఇనాలె.”

భాగ్య మెట్టు మీద పెట్టిన కరిగిన టోపీని నగేష్ చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. గట్టిగా నవ్వాడు. దాన్ని చాయ్ హోటల్ వైపు ఎత్తి చూపించాడు. “చూడండయ్యా! దీన్ని మంటలో పెట్టారు! సెన్సర్ని మంటలో కాల్చి, పనిచేయట్లేదని నా మీదికొచ్చారు. ఏం చెల్లెమ్మా, మంటలో పడేస్తే మీ డప్పు మాత్రం మిగుల్తదా?”

జనం గొల్లుమన్నారు. భాగ్య చెవులు వేడెక్కాయి. నిజమే, కాల్చింది. ఒక్క క్షణం సిర్ర పట్టిన చెయ్యి దిగింది. సాంసన్ ముందుకొచ్చి ఏదో అనబోయాడు. భాగ్య ఆపింది.

“కాల్చిన” అంది గట్టిగా. “నేనే కాల్చిన. తప్పు నాది. దాచేది లేదు. మరి కాల్చకముందు దారి పొడుగునా ఎందుకు కూసింది? గాలి నిండుగున్న టైరును లేదు లేదని ఎందుకు చెప్పింది? కాలింది వద్దు సేటూ. కాలనిది తియ్యి. నీ అల్మార్లోది, సీలు ఇప్పనిది తియ్యి. ఈడ పెట్టు.”

“అవన్నీ ఇప్పుడు కుదరవమ్మా, బేరాల టైము...”

“కుదురుద్ది” అంది లోపలినుంచి ఒక ఆడ గొంతు. నగేష్ పెళ్ళాం ధనలక్ష్మి. అప్పటిదాకా కౌంటర్ వెనక నట్లు వేరు చేస్తూ కూర్చున్న మనిషి, మొగుడి వైపు చూడకుండానే లేచి గాజు అల్మారా తెరిచి కొత్త అట్టపెట్టె తీసింది. “నేనూ చూడాలి. మొన్న తుంగతుర్తి ఆయన ఇట్టాగే తెచ్చిచ్చిపోతే బండి తోలటం రాదని తిట్టి పంపావు గదా. విప్పుతున్నా.”

టేపు కోసింది. రెండు టోపీలూ గాజు బల్ల మీద పెట్టింది, పక్కన డబ్బా. టైరు లేదు, బండి లేదు, ఏమీ లేదు. ఉత్త బల్ల.

డబ్బా మీద పచ్చలైటు వెలిగింది.

జనం మెట్ల దాకా తోసుకొచ్చి చూశారు. ధనలక్ష్మికే ముందు నవ్వొచ్చింది. చేత్తో నోరు మూసుకుంది, ఆగలేదు, వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. “ఏమండీ! బల్లకు గాలి ఫుల్లుగా ఉందంట!”

చాయ్ హోటల్లోంచి ఎవరో అరిచారు. “సేటూ, బల్లెక్కి పోయిరా, పంక్చర్ కాదు!”

“ఇప్పుడు నీ బండికి బిగియ్యి” అంది భాగ్య.

నగేష్ బండి షాపు ముందే ఎండలో ఉంది. పొద్దున్నే గాలి పట్టించి తెచ్చిన బండి. సాంసన్ టోపీలు తిప్పి బిగించాడు. బిగించి చెయ్యి తీశాడో లేదో, ధనలక్ష్మి చేతిలోని డబ్బా ఎర్రబడింది.

కుయ్ కుయ్, కుయ్. కుయ్ కుయ్, కుయ్.

అదే కూత. నిన్న నేరేడుచర్లలో విన్నది, మూసీ మీద విన్నది. నిన్న ఆ కూత వింటే భాగ్యకు ఏడుపొచ్చింది. ఇవాళ విన్నది వేరేలా. రెండు పొట్టి, ఒకటి పొడుగు. చెయ్యి దానంతట అదే లేచింది. డండనక, డన్. కూత కూయగానే దాని మీద దరువు పడింది. కుయ్ కుయ్, కుయ్. డండనక, డన్. బుచ్చమ్మ కళ్ళు మెరిశాయి. ఆమె డప్పు అందుకుంది. వసంత, మంగమ్మ కలిశారు. నిన్న కాపిన వేడి, నిన్న మోగక లోపలే ఉండిపోయిన బిగువు అంతా ఒక్కసారి విరుచుకుపడింది. షాపు షట్టర్లు గణగణలాడాయి. అద్దాల వెనక వేలాడదీసిన హ్యాండిల్ కుచ్చులు ఊగాయి.

భాగ్య దరువు మీదనే చాటింపు ఎత్తుకుంది.

“ఇనుండ్రి సూర్యాపేట జనులారా! బల్లకు గాలి నింపే డబ్బా వచ్చింది! టైరుకు లేదంటది, గాజుకు ఉందంటది! కొన్నోళ్ళుంటె బయటికి రాండ్రి, సిగ్గుపడకుండ్రి! తోలరాక కాదు, డబ్బాకు చెప్పరాక!”

వచ్చారు. పాలబండి ఆయన ఒకడు హ్యాండిల్ నుంచి డబ్బా పీక్కుని వచ్చాడు. గొర్రెల సంతకు పోతున్న వీరయ్య అనే పెద్దమనిషి, రుమాలు నెత్తికి చుట్టుకుని, “మా పిలగాడు బిగిచ్చిండు, దీని కూతకు నా గొర్లు బెదిరి కాలువల పడ్డయి” అన్నాడు. అని ఊరుకోలేదు, దరువుకు కాలు కదిపాడు. అతన్ని చూసి ఇంకొకడు. కిరాయికి పోవాల్సిన ఆటోలు ఆగిపోయాయి, ట్రాఫిక్ ఆగింది, ఎవరికీ తొందర లేదు.

అప్పుడు బుచ్చమ్మ చూసింది. డప్పు ఆపకుండానే కోడలిని మోచేత్తో పొడిచింది. సాంసన్ చప్పట్లు కొడుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తాళంలో. కూత పడ్డచోట చప్పుడు పడుతోంది, తప్పడం లేదు. అబ్రహాం ఎన్నేళ్ళో నేర్పలేకపోయింది ఆ దొంగ డబ్బా నేర్పేసింది. తల్లి నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే కొట్టింది.

దరువు దిగేసరికి నగేష్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు. మొహంలో కోపం లేదు, తప్పించుకుందామన్న ఆత్రం ఉంది.

“అమ్మా తల్లీ, తప్పయింది. నేను కూడా చూడకుండానే అమ్మాను. నీ డబ్బులు నీకిచ్చేస్తా, పైన ఇంకోటి ఫ్రీగా...”

“ఇంకోటా!” అని నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే అన్నారు.

ధనలక్ష్మి మెట్లు దిగివచ్చింది. “ఆయన సంగతి నేను చూసుకుంటాగానీ అక్కా, కోదాడలో మా తమ్ముడు షాపు తెరుస్తున్నాడు. ఇట్టాంటి దరువు మా వైపు ఎవరూ వినలా. మీరే రావాలి. ఇదిగో, బయానా ఇప్పుడే తీసుకోండి.”

వసంత మంగమ్మను గిల్లింది. మంగమ్మ కొంగు సర్దుకుంది. బయానా! అదీ పరాయి వైపు నుంచి! భాగ్య చెయ్యి చాపలేదు.

“నీ నోరు తీపి గాను, అక్కా. వస్తం. కోదాడ దద్దరిల్లేటట్టు కొడ్తం. గని ఇప్పుడు ముట్ట. మిర్యాలగూడల మా మాట పడిపోయింది. ఆ మాట లేవనిది ఇంకో ఊరి బయానా నా చేతికి బరువైతది.”

ఆమె నగేష్ వైపు తిరిగింది. ఇప్పుడు గొంతులో మంట లేదు. నవ్వుంది. నవ్వులో ఇనుము ఉంది.

“సేటూ, నా డబ్బులు నువ్వే ఉంచుకో. నువ్వు నాకియ్యాల్సింది డబ్బులు గాదు. జానకమ్మ తన మరుదుల ముంగట, వియ్యాలోళ్ళ ముంగట తల దించుకున్నది. ఆడోళ్ళను నమ్మినందుకు దించుకున్నది. అది లేవాలె. పదారు రోజుల పండుగకు ఆమె వాకిట్ల మేం కొట్టాలె. అంతకుముందు ఆమెకు నిజం చెప్పాలె. మేం చెప్తె సాకంటరు. నువ్వు చెప్పాలె.”

“ఫోన్ చేసి చెప్తానమ్మా...”

“ఫోన్ గాదు!”

బుచ్చమ్మ డప్పు వసంత చేతికిచ్చింది. ముందుకొచ్చి నగేష్ ఎదుట తల వంచింది. “నా నెత్తి మీద చెయ్యి పెట్టు బిడ్డా.” అతను బిత్తరపోయి పెట్టాడు. “ఇగో. నా కొడుకు మీది ఒట్టు తీసేసిన. ఆ ఒట్టు ఇప్పుడు నీ మీదికెక్కింది. అది కూస్తె దిగాలె, గాలి పట్టినంకనె ఎక్కాలె.”

బజారంతా ఈల వేసింది. ధనలక్ష్మి లోపలికి పోయి చేతి పంపు ఒకటి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. సాంసన్ అప్పటికే నగేష్ బండి మీద కూర్చుని కిక్కు కొట్టాడు. కొత్త టోపీలు టైర్లకే ఉన్నాయి, డబ్బా హ్యాండిల్ మీద కూస్తూనే ఉంది.

భాగ్య సిర్రతో బండి వెనక సీటు చూపించింది.

“అల్మార్లున్న పెట్టెలన్ని దించి పంపినోనికి వాపస్ చెయ్యి, ఆ పని మీ ఇంటామె చూస్తది. తెచ్చిచ్చినోళ్ళ కాడ ఒక్కటి గుడ మిగలకుంట తీసుకో. ఇగ నువ్వు బండెక్కు. సూర్యాపేట కాంచి మిర్యాలగూడ దాక. అది కూసిన కాడల్లా దిగు, ఎండల నిలబడి గాలి కొట్టు, మళ్ళెక్కు. జానకమ్మ వాకిట్ల నిలబడు. ఆమె మరిదిని బయటికి పిలువు. ఆలస్యం ఆడోళ్ళది గాదు, నేను అమ్మిన డబ్బాది అని నీ నోటితోని, గట్టిగ, వాడంత ఇనేటట్టు చెప్పు. రేపు గాదు, ఎల్లుండి గాదు. ఇప్పుడే. ఎక్కు, సేటూ!”